పెండారీ నుంచి అచానక్‌మార్ దాకా

విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్లే రైలు మా ఉత్తరాంధ్ర వాళ్లకు పాత చుట్టం. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ చేరి, రాత్రంతా ఒడిశా కొండల్లో నడిచి, టిట్లాగఢ్ దాటి, తెల్లవారాక రాయ్‌పూర్, ఆపైన బిలాస్‌పూర్. రైల్వే పనుల కోసం తాతల కాలం నుంచీ మనవాళ్లు ఈ దారినే పోయి అక్కడ స్థిరపడ్డారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఇవాళ్టికీ తెలుగు వినబడుతుంది.

మేం ముగ్గురం బయల్దేరాం. నాతోపాటు ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ. మేమంతా సిస్టరు గారనే పిలుస్తాం. పార్వతీపురంలో ఒక ఆశా కార్యకర్త ఎక్కింది. గిరిజన గ్రామాల్లో పనిచేస్తోంది, ముప్పై అయిదేళ్లుంటాయి. మా ముగ్గురినీ కలిపింది ఒకే పని. మా జిల్లాల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని ఇబ్బందులు పడుతున్న ఆడవాళ్ల వివరాలు కొంతకాలంగా రాసుకుంటున్నాం. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఈ ఆపరేషన్ శిబిరాల్లో ఆడవాళ్లు చనిపోయిన ఘోరం తర్వాత అక్కడి ఆరోగ్య కార్యకర్తలు ఎలా నిలబడ్డారో, ఏం అడిగారో, ఏది సాధించారో వాళ్ల నోటే వినాలని అక్కడి మిత్రులకు రాస్తే రమ్మన్నారు. వరి కోతల రోజులు, నవంబరు. ఆపరేషన్ శిబిరాలకు కూడా అదే అదను. చలికాలంలో పుండు త్వరగా మానుతుందని జనం నమ్మకం. మార్చి లోపు లెక్క చూపించాలన్నది అధికారుల తొందర.

రాయగడ దాటేదాకా మాకు నిద్ర పట్టలేదు. ఆశా అమ్మాయి తన రిజిస్టరు సంగతులు చెబుతూనే ఉంది. "మా ఊళ్లల్లో ఇద్దరు పిల్లలుండి ఆపరేషన్ అవని ఆడమనిషిని వెతుక్కోవాలక్కా. మాత్రలిస్తామంటే వద్దంటారు, కాపర్ టీ అంటే బయపడతారు. ఆపరేషనంటే మటుకు రేపే తీస్కెళ్లిపోమంటారు," అంది.

ఆ మాట మా రాష్ట్రానికంతటికీ వర్తిస్తుంది. అయిదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. దేశం మొత్తం మీద చూస్తే అది 38 శాతం. మగవాళ్ల ఆపరేషన్ల వంతు మన రాష్ట్రంలో అర శాతం కూడా లేదు. వేసెక్టమీకి పొట్ట కోయక్కర్లేదు, ఒళ్లు తెలియకుండా మత్తు ఎక్కించక్కర్లేదు, నిమిషాల్లో ముగుస్తుంది. కానీ ఎమర్జెన్సీలో మగవాళ్లను పట్టుకెళ్లి బలవంతంగా ఆపరేషన్లు చేశారు, 1977 ఎన్నికల్లో ప్రభుత్వమే కూలిపోయింది. ఆ దెబ్బతో ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పోవడం బాగా తగ్గించాయి. బరువంతా తెచ్చి ఆడవాళ్ల పొట్టమీద పెట్టారు. సిస్టరు గారు ఆ మార్పును కళ్లారా చూసిన మనిషి. లాప్రోస్కోపీ శిబిరాలు మొదలైన రోజుల్లో బడి గదుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో బల్లలు వరసగా వేసి ఆపరేషన్లు చేయడం, స్పృహ రాకముందే వాళ్లను చాపల మీదకు దించడం ఆవిడ చెబుతుంటే, పక్క బెర్తు మీద పడుకున్న ముసలావిడ లేచి కూచుని, "నాకూ అలగే సేసినారమ్మా," అంది. ఎక్కడని అడిగితే సాలూరు పేరు చెప్పింది.

బిలాస్‌పూర్‌లో మా బస సిస్టరు గారి దూరపు చుట్టాలింట్లో. ఆ ఇంటావిడను పిన్ని అని పిలవడం మొదలుపెట్టాను. పుట్టింది టెక్కలి దగ్గర, పెళ్లయి వచ్చింది ఇక్కడికి. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యారు. కూతురు బడిపంతులమ్మ, ఛత్తీస్‌గఢీ గలగలా మాట్లాడుతుంది. మాకు దుబాసీ ఆ అమ్మాయే. మేం ఎందుకొచ్చామో విని పిన్ని పొయ్యి దగ్గర్నుంచే అడిగింది: "ఆ సచ్చిపోయిన గుంటల గురించా? అప్పుడు మా వీధిలో అందరం టీవీ ముందే కూకున్నాం. దీపావళి ఎల్లి మూడు వారాలైనా కాలేదు. సిన్న సిన్న పిల్లల తల్లులు." ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక మాత్రం తన చీర కొంచెం పక్కకు జరిపి, బొడ్డు కింద ఉన్న మచ్చ సిస్టరు గారికి చూపించి, ఇన్నేళ్లయినా అక్కడ అప్పుడప్పుడూ లాగినట్టుంటుంది, ఎందుకో చెప్పమని అడిగింది. ఇంతకాలం ఎవరినీ అడగలేదట. అడిగే వీలున్న మనిషి ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే పెండారీ వెళ్లాం. సకరీ పక్కన చిన్న ఊరు, బిలాస్‌పూర్‌కు దగ్గరే. 2014 నవంబరు 8న శిబిరం జరిగింది ఇక్కడే, ఎప్పట్నుంచో వాడకంలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో. ఒకే సర్జను, కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లు. ఆ రాత్రి నుంచే వాంతులు, కడుపునొప్పి, ఊపిరి అందకపోవడం. నవంబరు 10న అదే జిల్లాలో గౌరేలా, పేండ్రా, మర్వాహీల్లో మరి కొన్ని శిబిరాలు. ఆ మూడు రోజుల్లో ఆపరేషన్ అయిన 137 మందిలో 13 మంది చనిపోయారు. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన సిప్రోసిన్ మాత్రల్లో ఎలుకల మందు కలిసిందని ప్రభుత్వం అంది. శిబిరం నడిపిన తీరే మనుషుల్ని చంపిందని, మాత్రల మీదికి నెట్టి అసలు తప్పును దాచొద్దని ఆరోగ్య హక్కుల కార్యకర్తలు వాదించారు. ఆ వాదన న్యాయ విచారణ కమిషన్ దాకా వెళ్లింది.

రోడ్డు పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాక సిస్టరు గారు సంచిలోంచి డైరీ తీసి వెనక పేజీ మీద లెక్క వేయడం మొదలుపెట్టారు. ఒక ఆపరేషన్ అయ్యాక లాప్రోస్కోపును శుభ్రం చేసి, గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు నానబెట్టి, శుద్ధమైన నీళ్లతో కడిగి, అప్పుడే ఇంకొకరికి వాడాలి. అందుకే ప్రభుత్వ నిబంధనల్లో మూడు లాప్రోస్కోపులు ఉంటేనే ఒక బృందం రోజుకు 30 మందికి చేయవచ్చని ఉంది, ఒక పరికరానికి పది మంది చొప్పున. పెండారీలో 83 మందికీ వాడింది ఒకటే. "ఎనభై మూడు ఇంటూ ఇరవై," అని రాసి, కింద 1660 నిమిషాలు అని వేశారు. అరవైతో భాగించారు. ఇరవై ఏడు గంటల పైచిలుకు. అంటే ఒక్క మనిషికీ కత్తి పెట్టకుండా, ఊరికే పరికరం నానబెట్టడానికే ఒక పగలూ ఒక రాత్రీ దాటాలి. ఆ అంకె చుట్టూ పెన్నుతో గీత గీసి, డైరీ ఆశా అమ్మాయి చేతికిచ్చారు. ఆ అమ్మాయి చాలాసేపు దాన్నే చూసింది. తను కూడా ఆడవాళ్లను ఆటోల్లో ఎక్కించుకుని శిబిరాలకు తీసుకెళ్లిన మనిషి కదా. "మా దగ్గర గొట్టం దేన్లో నానబెడతారో ఎప్పుడూ లోపలికెళ్లి సూళ్లేదక్కా. మమ్మల్ని గుమ్మం దాటనివ్వరు," అంది.

ఆ మధ్యాహ్నం దగ్గర్లోని ఒక ఊళ్లో, ఆ 83 మందిలో బతికి బయటపడ్డ ఒకావిడ ఇంటికి వెళ్లాం. ఊరి పేరు రాయను. కళ్లంలో వరి కుప్పలు వేసి ఉన్నాయి, ఆమె చేట పట్టుకుని తూర్పారబడుతోంది. మమ్మల్ని చూసి పని ఆపలేదు, ఇంకో చేట తెచ్చి ఆశా అమ్మాయికి ఇచ్చింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి గాలి వాలు చూసుకుంటూ ధాన్యం ఎగరబోస్తుంటే, పిన్ని కూతురు గట్టు మీద కూర్చుని ఒకరి మాట ఒకరికి చెప్పింది.

తనని ఎవరూ బలవంతం చేయలేదంది. ముగ్గురు పిల్లలు పుట్టాక ఇక చాలనుకుంది. ఇంకా పాలు తాగే బిడ్డ ఉంది. ఊరి ఆరోగ్య కార్యకర్త, అక్కడి మాటలో మితానిన్, వచ్చి ఫలానా రోజు శిబిరం, బండి వస్తుంది అని చెబితే తనే ముందు సరే అంది. వేలిముద్ర వేయించుకున్నారు. కాగితంలో ఏముందో చదివి చెప్పలేదు. మత్తు సూది వేశారు, కాసేపటికి అయిపోయిందన్నారు. లేపి నడిపించుకొచ్చి నేల మీద పడుకోబెట్టారు. మాత్రలూ ఆరువందల రూపాయలూ ఇచ్చి పంపేశారు. మర్నాటికి మంచం మీద నుంచి లేవలేకపోయింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచాక పక్క మంచం మీద ఉండాల్సిన మనిషి లేదని తెలిసింది. పేరు చెప్పింది, ఆమెది ఏ ఇల్లో చెయ్యి చాపి చూపించింది.

ఆశా అమ్మాయి చేట ఆపి అడిగింది: "మళ్లీ ఎవరైనా నిన్ను సలహా అడిగితే ఏం చెబుతావు? ఆపరేషన్ వద్దంటావా?"

ఆమె ఈ ప్రశ్నకు కోపంగానే జవాబిచ్చింది. "వద్దని ఎందుకంటాను? నలుగురైదుగురిని కని పెంచడం ఎవరి వల్లవుతుంది? నాకు ఆపరేషన్ కావాలి. చావు కావాలని నేను అడగలేదు."

ఈ ప్రయాణం మొత్తంలో నేను గట్టిగా పట్టుకున్న మాట ఇదే. శిబిరాల మరణాల గురించి రాసేటప్పుడు, ఆడవాళ్లను ఏమీ తెలియని అమాయకులుగా, ఎవరో తోలుకుపోతే వెళ్లిన వాళ్లుగా చూపించడం చాలా చోట్ల చూశాను. నాకది నచ్చదు. వాళ్లు వెళ్లింది తమ ఒంటి మీద తాము తీసుకున్న నిర్ణయంతో. వేరే దారి చూపకపోవడం, చెప్పాల్సింది చెప్పకపోవడం, మనిషికి దక్కాల్సిన శ్రద్ధలో పదో వంతు కూడా చూపకపోవడం, ఇవీ నేరాలు. పిల్లలు చాలనుకునే హక్కు, ప్రాణాలతో ఇంటికి తిరిగొచ్చే హక్కు ఒకే మనిషివి. ఒకటి ఇచ్చాం కదా అని రెండోది లాక్కోవడానికి వీల్లేదు.

పోరాటం గురించి మాకు చెప్పిన వాళ్లలో లాయర్లున్నారు, డాక్టర్లున్నారు, అన్నిటికన్నా ఎక్కువగా మితానిన్‌లున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకమే తర్వాత దేశమంతా వచ్చిన ఆశా వ్యవస్థకు దారి చూపింది. మరణాల తర్వాత ఊళ్లల్లో జనం కోపమంతా మొదట వీళ్ల మీదే విరుచుకుపడింది. నువ్వే కదా తీసుకెళ్లావు అని మొహం మీదే అన్నారు. అయినా నిజ నిర్ధారణ బృందాలు వచ్చినప్పుడు వాళ్లను ఇంటింటికీ తిప్పింది వీళ్లే. సమా, జన స్వాస్థ్య అభియాన్ వంటి సంస్థలు కలిసి రాసిన నివేదికలో ఒక్కో ఇంటి సంగతీ ఉంది.

ఈ కథ పెండారీతో మొదలవలేదు. 2005లోనే రమాకాంత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆపరేషన్ చేసే డాక్టర్ల అర్హత, సమ్మతి పత్రం, జిల్లా స్థాయిలో నాణ్యతను చూసే కమిటీలు, నష్టపరిహారం అన్నిటిమీదా ఆదేశాలిచ్చింది. ఏడేళ్లు తిరిగేసరికి, 2012 జనవరి 7న, బీహార్ అరారియా జిల్లా కపర్‌ఫోరాలో ఒక సర్కారు బడిలో, రాత్రిపూట, టార్చి లైటు వెలుగులో, రెండు గంటల్లో 53 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు. పిల్లలు కూర్చునే బల్లలే ఆపరేషన్ బల్లలు. దాని మీద దేవికా బిశ్వాస్ అనే కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే బిలాస్‌పూర్ మరణాలు జరిగాయి, అవీ అందులో చేరాయి. 2010 నుంచి 2013 వరకు ఈ ఆపరేషన్ల సమయంలోనూ ఆ తర్వాతా దేశంలో 363 మంది చనిపోయారన్న లెక్క ఆ తీర్పులోనే ఉంది. 2016 సెప్టెంబరు 14న జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ యు.యు. లలిత్ తీర్పు చెప్పారు. మూడేళ్లలో శిబిరాల పద్ధతి ఆపేయాలి, రాష్ట్రాలు లక్ష్యాలు పెట్టకూడదు, సమ్మతి పత్రం ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వినిపించాలి.

ఈ తీర్పు తెలుగులో ఎందరికి చేరింది? 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి లాప్రోస్కోపీ (డీపీఎల్) ఆపరేషన్లు చేశారు, నలుగురు చనిపోయారు. సుప్రీంకోర్టు ఇచ్చిన గడువు అప్పటికే దాటిపోయింది. హైదరాబాద్ శివార్లలో, రాజధాని పక్కన జరిగిన సంగతి ఇది. బిలాస్‌పూర్ మిత్రులకు ఇది చెబితే, వాళ్లు కొత్తగా విన్నట్టు లేరు. ఇబ్రహీంపట్నం పేరు వాళ్లకు ముందే తెలుసు.

గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు డాక్టర్లు తొంభైల్లో పల్లెటూళ్లో ప్రజలతో కలిసి పనిచేద్దామని ప్రారంభించిన సంస్థ అది. తెల్లవారకముందే అడవి ఊళ్ల నుంచి వచ్చి రోగులు వరండాల్లో పడుకుని ఉంటారు. మేం ఆ చుట్టుపక్కల మితానిన్‌లతో కలిసింది ఊళ్లోనే, ఒక రావిచెట్టు కింద. అటు వాళ్లు పదిహేను మంది దాకా, ఇటు మేం ముగ్గురం. ఆశా అమ్మాయికి హిందీ అంతంతమాత్రమే. అయినా పది నిమిషాలకే మా దుబాసీ అవసరం తగ్గింది. గౌరవ వేతనం ఎప్పుడొస్తుంది, రిజిస్టర్లెన్ని, ఏఎన్ఎం ఏమంటుంది, ఇవన్నీ చేతి సైగలతోనే నడిచిపోయాయి.

ఒక మితానిన్ సంచిలోంచి అంతరా కార్డు తీసి చూపించింది. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక సూది, 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. కొందరు ఆడవాళ్లకు నెలసరి ఆగిపోతే గర్భమేమోనని హడలిపోతున్నారని, ముందే చెప్పమని ఎవరూ తనకు నేర్పలేదని అంది. సిస్టరు గారు వెంటనే పటాన్‌చెరు సంగతి ఎత్తుకున్నారు. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే సూది వేయడానికి ఆడవాళ్లను పిలిపించారు. అది ప్రయోగ దశలో ఉన్న మందని, దానివల్ల ఏమేం కావచ్చో వాళ్లకెవరూ చెప్పలేదు. హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి ఈ సంగతి బయటపెట్టారు. మరుసటి ఏడు ఢిల్లీ సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టులో కేసు వేశారు. అది 2000 దాకా నడిచింది. మన దేశంలో గర్భనిరోధకాల విషయంలో సమాచారం ఇచ్చి తీసుకున్న సమ్మతి అనే మాటకు బరువు తెచ్చిన పోరాటాల్లో అదొకటి, అది మొదలైంది తెలుగు నేల మీద. ఆ తర్వాత హైదరాబాద్ స్త్రీలు కలిసి రాసిన "సవాలక్ష సందేహాలు" అట్ట చినిగిన ప్రతి ఒకటి సిస్టరు గారి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అందులోని బొమ్మలు చూడటానికి మితానిన్‌లు చుట్టూ మూగారు. తెలుగు రాకపోయినా గర్భసంచి బొమ్మ చూసి ఎవరి వేలు ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలుసు.

సూదిని వద్దనడం ఆ రోజు అక్కడ ఎవరి ఉద్దేశమూ కాదు. కావాలన్న వాళ్లకు ఉండాలి, నెలసరి తప్పుతుందని ముందు చెప్పాలి, వద్దనుకున్నప్పుడు వేరేది ఇవ్వాలి. ఇదే మాట గర్భస్రావం దగ్గరికొచ్చేసరికి ఇంకా గట్టిగా వచ్చింది. గర్భం తీయమని వెళితే, ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే తీస్తామని మెలిక పెట్టడం ఆ వైపు కొన్ని చోట్ల ఉందని ఒకామె చెప్పింది. మాకూ తెలిసిన సంగతే. గర్భస్రావ చట్టం వచ్చింది 1971లో. 2021లో సవరించారు. పెళ్లయినా కాకపోయినా, మేజరైన స్త్రీ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే చాలని ఆ చట్టం చెబుతుంది. భర్త సంతకం అడిగే హక్కు ఎవరికీ లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కైనా అంతే.

"మరి మా దగ్గర అడుగుతారే," అంది ఆశా అమ్మాయి.

"మా దగ్గరా అడుగుతారు," అన్నారు అవతల నుంచి ముగ్గురు నలుగురు ఒక్కసారే. ఒక పెద్ద మితానిన్ తన దగ్గరున్న కాగితం చూపించింది. చట్టంలోని ఆ నాలుగు మాటలు హిందీలో పెద్దక్షరాలతో అచ్చు వేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. భర్త సంతకం అడిగితే ఏమీ మాట్లాడకుండా దాన్ని కౌంటరు మీద పెడుతుందట. ఆశా అమ్మాయి ఫోనుతో దాని ఫొటో తీసుకుంది.

కోటా దాటాక సాలవృక్షాలు మొదలవుతాయి. శివతరాయి దగ్గర గేటులో పేరు రాయించి అచానక్‌మార్ పులుల అభయారణ్యం లోపలికి వెళ్లాం. మనియారీ నదికి అటూ ఇటూ గోండులు, బైగాలు ఉండే ఊళ్లు. మట్టి గోడలు నున్నగా అలికి, పెరట్లో ఆవ చేలు, ఇప్పచెట్లు. బైగా స్త్రీల నుదుటి మీద, చేతుల మీద, కాళ్ల మీద పచ్చబొట్లు. ఆశా అమ్మాయికి ఇది తన ఇలాకాలాగే ఉంది. దిగీ దిగగానే ఒక ఇంట్లోకి వెళ్లి పసిపిల్ల బరువు ఎంతుందని అడిగేసింది.

పెండారీలో విన్న కథకు ఇక్కడ విన్నది సరిగ్గా తలకిందులు. బైగాల సంఖ్య తగ్గిపోతోందని 1979లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. అతి వెనుకబడిన ఆదిమ తెగలుగా గుర్తించిన వాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయకూడదు. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక ఆ ఉత్తర్వు కూడా దాంతోపాటే వచ్చింది. బైగాలను ఆకలి చంపింది, మలేరియా చంపింది, అడవి మీద హక్కు పోవడం చంపింది. బిడ్డలు పుట్టీ పుట్టగానే పోయేవారు. వాటి జోలికి పోకుండా, తెగను కాపాడే బాధ్యతంతా ఆ ఆడవాళ్ల గర్భసంచి మీద పెట్టారు.

ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నావిడ వయసు నలభై ఉంటుందో లేదో, అరవైలా కనిపించింది. ఎనిమిది కాన్పులు. బతికింది నలుగురు. నాలుగో కాన్పు తర్వాత ఇక చాలని నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్లింది. బైగావి కదా, నీకు చేయకూడదు అని పంపేశారు. తెలిసిన కొందరు వేరే కులం పేరు చెప్పి చేయించుకున్నారు, కొందరు తమను ఎరగని చోటికి, హద్దు దాటి మధ్యప్రదేశ్ వైపు పోయారు. తనకు అబద్ధం చెప్పడం చేతకాలేదంది. పచ్చబొట్లు చూపించి, "వీటిని ఎక్కడ దాచను?" అంది.

అప్పటి బిలాస్‌పూర్ జిల్లాలోనే, 2014 నవంబరు 10న జరిగిన శిబిరంలో ఆపరేషన్ అయి చనిపోయిన వాళ్లలో ఒక బైగా స్త్రీ ఉంది. చేయకూడదని ఉత్తర్వు ఉన్నా శిబిరం లెక్కలో ఆమెను కలుపుకున్నారు. అడిగిన ఆవిడకు లేదన్నారు. రెండు చోట్లా ఆ మనిషి మాటకు విలువ లేదు. మరణాల తర్వాతి ఏళ్లలో కొందరు బైగా స్త్రీ పురుషులే ముందుకొచ్చి, జన స్వాస్థ్య అభియాన్‌తో కలిసి బిలాస్‌పూర్‌లోని హైకోర్టులో ఆ ఆంక్షను సవాలు చేశారు. సురక్షితమైన ఆపరేషన్ మా హక్కు అని కోర్టుకెక్కింది దేశంలో అందరికన్నా నిరుపేదలైన వాళ్లు. ఆ రోజు సాయంత్రం వెనక్కి వస్తుంటే జీపులో మేమెవరం మాట్లాడుకోలేదు. సిస్టరు గారు మాత్రం ఒకసారి, "ఎనిమిది కాన్పులు," అన్నారు.

తిరుగు రైల్లో మన రాష్ట్రం సంగతి వచ్చింది. 1994లో ఇద్దరి కన్నా ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని చట్టం తెచ్చారు. సర్పంచి పదవి కోసం ఆడవాళ్ల చేత గర్భాలు తీయించిన ఇళ్లను, మూడో బిడ్డను దాచిన ఇళ్లను సిస్టరు గారు ఎరుగుదురు. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. మంచి పనే. కానీ ఎత్తేస్తూ చెప్పిన కారణం నన్ను కలవరపెట్టింది. జనాభా తగ్గుతోంది, ముసలివాళ్లు పెరుగుతున్నారు, కాబట్టి ఇంకా కనండి అంటున్నారు. మొన్నటిదాకా పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కించిన ప్రభుత్వమే ఇవాళ ఈ మాట అంటోంది. అంగన్‌వాడీ, ప్రసూతి సెలవు, పిల్లల చదువు, ఇవన్నీ పెంచితే ఎవరికి ఎంతమంది కావాలో వాళ్లే చూసుకుంటారు. రేపెప్పుడో మూడో బిడ్డను కనలేదని ఆపరేషన్ ఆపేసినా, కాపర్ టీ దొరకకుండా చేసినా, బైగా ఊళ్లో అరుగు మీద చూసిన ఆవిడ కథే ఇక్కడా మొదలవుతుంది. ఇది జరగదని అనుకోవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

సిస్టరు గారు డైరీలో పని రాయడం మొదలుపెట్టారు. మా జిల్లాలన్నిటిలోనూ నాణ్యతా కమిటీలు చివరిసారి ఎప్పుడు కూర్చున్నాయో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఒక్కో కేంద్రంలో లాప్రోస్కోపులెన్ని, ఒక రోజులో అత్యధికంగా చేసిన ఆపరేషన్లెన్ని అని కూడా అడగాలి. ఆపరేషన్ విఫలమై గర్భం వస్తే 90 రోజుల్లోగా పరిహారానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఊరూరా చెప్పాలి. సమ్మతి పత్రం కువి, సవర భాషల్లో చదివి వినిపించే మనుషుల్ని వెతకాలి. ఇది ఆశా అమ్మాయి చేర్చింది. మగవాళ్లతో ఎవరు మాట్లాడాలన్న దగ్గర కాసేపు వాదన జరిగింది. ఆ పని నా మీద పడింది.

రాయగడ దగ్గరికొస్తుండగా ఆశా అమ్మాయి ఫోను మోగింది. తన ఊళ్లో ఒక పిల్ల. చంకలో ఏడాది బిడ్డ ఉండగానే నెల తప్పింది. సిగ్నలు ఉండీ లేనట్టుంది, మాటలు పెద్దగా అరిచి చెప్పాల్సి వస్తోంది, బోగీ అంతా వింటోంది.

"ఎన్నో నెల? ... రెండోదేనా? సరే. ముందు నువ్వు సెప్పు, నీకేటి కావాలి? ... మీ అత్త సంగతి తర్వాత. నీకేటి కావాలి? ... అయితే గురువారం పొద్దున్న ఎనిమిదింటికి బస్టాండుకొచ్చేయి, నేనుంటాను. ఆధార్ కార్డు తెచ్చుకో. ... మీ ఆయన సంతకం అక్కర్లేదు. అడిగితే నేను మాటాడతాను, నా దగ్గర కాగితం ఉంది. ఆపరేషన్‌కి ఒప్పుకుంటేనే తీస్తామంటే ఒప్పుకోకు. అది కావాలనుకుంటే నీ ఇష్టం, అప్పుడు మంచి చోట చేయించుకుందువు. ఈలోగా ఎవరిస్తే వాళ్ల మాత్రలు మింగేయకు. వినబడుతోందా? గురువారం, ఎనిమిదింటికి."